నల్లసముద్రం ఒడ్డున రెండు గదులు

తమ్ముడు సూటు వేసుకుని వచ్చిన రోజే శ్రీవల్లికి అనుమానం మొదలైంది.

ఏప్రిల్ నెల ఆదివారం. గురుగ్రామ్‌లో అప్పటికే ఎండలు మండిపోతున్నాయి. అంత ఎండలో మెట్రో దిగి, ఆటో మారి, నీలం రంగు సూటు, మెడకి టైతో సాయిచరణ్ గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తీసిన శ్రీవల్లి కూతురు భావన "మామూ, ఆప్ తో హీరో లగ్ రహే హో!" అని, మామయ్య హీరోలా ఉన్నాడని పకపకా నవ్వింది. శ్రీవల్లికి మాత్రం నవ్వు రాలేదు. వీడికి ఈ సూటు ఎవరు కుట్టించారా అనుకుంది.

అలా అనుకోవడానికి కారణం ఉంది. చరణ్ ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో ఏళ్ళ తరబడి గది అద్దెకి తీసుకుని సివిల్స్‌కి చదివాడు. మంచం వేస్తే తలుపు సరిగ్గా తెరుచుకోని గది. అద్దె, మెస్ ఖర్చు అక్కే చూసుకునేది. ఒక ఏడాది, మెయిన్స్ గట్టెక్కాననీ ఇంటర్వ్యూకి పిలిచారనీ ఫోన్ చేశాడు. కాకినాడలో అమ్మ వీధంతా స్వీట్లు పంచింది. తీరా చూస్తే ఆ ఏడు వాడు ప్రిలిమ్స్ కూడా దాటలేదు. పక్కగది కుర్రాడు మాటల్లో నోరుజారితే తెలిసింది. శ్రీవల్లి తమ్ముణ్ణి తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి వాడు భోంచేశానని చెప్పినా, నిజంగా చేశాడా అని ఒక్క క్షణం ఆలోచించడం ఆమెకి అలవాటైపోయింది.

ఇప్పుడు వాడికి నెహ్రూ ప్లేస్‌లో ఉద్యోగం దొరికింది. 'తీరం గ్లోబల్ ప్రాపర్టీస్' అని, విదేశాల్లో ఫ్లాట్లు అమ్మిపెట్టే కంపెనీ. దాని యజమాని పృథ్వీరాజ్ మన బెజవాడ వాడే. ఢిల్లీ తెలుగువాళ్ళ సభల్లో ముందు వరసలో కనిపించే మనిషి.

"జార్జియా అని దేశం ఉంది బావా. నల్లసముద్రం ఒడ్డున బటూమి అని ఊరు. రెండు గదుల ఫ్లాటు, బాల్కనీలోంచి చూస్తే సముద్రమే. ఎండాకాలం అంతా టూరిస్టులే. అద్దెకి ఇచ్చే బాధ్యత కూడా అక్కడి బిల్డరే చూసుకుంటాడు" అని చరణ్ ఫోన్లో వీడియో చూపించాడు.

భరద్వాజ్ ఆ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. శ్రీవల్లి భర్త టెలికాం కంపెనీలో మంచి హోదాలో ఉన్నాడు కానీ, ఇల్లనేసరికి గుండె కాలిన మనిషి. పెళ్ళైన కొత్తలో గ్రేటర్ నోయిడాలో బుక్ చేసిన ఫ్లాటు ఇప్పటికీ గోడలు లేని సిమెంటు స్తంభాలుగానే నిలబడి ఉంది. ఆ దారిన కారు పోనివ్వడం కూడా మానేశాడు.

"ఇక్కడ మన కళ్ళ ముందే మనల్ని ముంచారు. కనీసం అక్కడ కట్టి చూపిస్తున్నారు" అన్నాడు.

"నువ్వు చూశావా చరణ్? నీ కళ్ళతో?" అని అడిగింది శ్రీవల్లి.

"వచ్చే నెల మమ్మల్ని తీసుకెళ్తారక్కా."

"అంటే చూడలేదు."

చరణ్ టై సర్దుకున్నాడు. "నన్ను నమ్మొద్దులే. నువ్వే కనుక్కో" అన్నాడు నవ్వుతూనే.

ఆమె నిజంగానే కనుక్కుంది. తన ఆఫీసులో పనిచేసే తేజశ్రీ చెల్లెలు ఆ బటూమిలోనే మెడిసిన్ చదువుతోంది. హాస్టల్ నుంచి నడిచివెళ్ళేంత దూరమేనట. ఆ పిల్ల ఒక సాయంత్రం వెళ్ళి వీడియో తీసి పంపింది. బిల్డింగు ఉంది. లిఫ్టు ఉంది. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. కింద కాఫీ కొట్టు, అవతల రోడ్డు దాటితే గులకరాళ్ళ తీరం, బూడిద రంగు సముద్రం.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు భరద్వాజ్ గెలిచినవాడిలా.

ఏమంటుంది? కానీ అనుమానం అనేది ఒక చోట కుదరకపోతే ఇంకో చోటు వెతుక్కుంటుంది. బిల్డింగు నిజమైనదైతే, మరి మధ్యలో ఉన్న తమ్ముడి సంగతేమిటి? ధర మీద వీడెంత వేసుకుంటున్నాడు? సొంత అక్క దగ్గర కూడానా?

దానికి తగ్గట్టు చరణ్ తీరు కూడా మారింది. మొదట్లో రోజూ ఫోన్ చేసి ఊదరగొట్టినవాడు మే నెల వచ్చేసరికి జాడే లేకుండా పోయాడు. భరద్వాజే చేస్తే, "తొందరేం లేదు బావా" అనేవాడు. ఇంకోసారి, "డబ్బు మా కంపెనీకి ఇవ్వకండి. మీ బ్యాంకు నుంచి నేరుగా అక్కడి బిల్డరు ఖాతాకే పంపాలి. దానికి ముందు ఫ్లాటు కేటాయించినట్టు బిల్డరు మీ పేరున ఉత్తరం ఇవ్వాలి. అది రానివ్వండి" అన్నాడు. ఉత్తరం ఎప్పుడొస్తుందంటే నసిగాడు. పాన్ కార్డు నకలు సరిగ్గా లేదన్నాడు, సంతకం కలవలేదన్నాడు.

"వీడేదో బేరం పెంచుతున్నాడు. వేరే ఎవరికైనా ఎక్కువకి అమ్ముదామని చూస్తున్నాడేమో" అన్నాడు భరద్వాజ్. శ్రీవల్లి కాదనలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. "ఎక్కడున్నావురా?"

"ఆఫీసులోనే అక్కా, క్లయింటుతో ఉన్నా."

అంతలో వాడి గొంతు వెనక నుంచి మెట్రోలో చెప్పే ఆడగొంతు వినిపించింది, తరవాతి స్టేషన్ మోహన్‌నగర్ అని హిందీలో. మోహన్‌నగర్ ఘాజియాబాద్‌లో ఉంది. నెహ్రూ ప్లేస్‌కి దానికి పొంతనే లేదు. శ్రీవల్లి ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేసింది. ఇంటర్వ్యూ అని అబద్ధం చెప్పినప్పుడు కూడా వాడి గొంతు ఇంతే మామూలుగా ఉంది.

మర్నాడే భర్తతో అంది. "వాణ్ణి మధ్యలో పెట్టుకోవద్దండీ. కొనాలంటే ఆ పృథ్వీరాజ్ గారితోనే నేరుగా మాట్లాడదాం."

శనివారం ఇద్దరూ నెహ్రూ ప్లేస్ వెళ్ళారు. చరణ్‌కి ఆ రోజు సెలవు. అద్దాల గది, గోడ మీద పెద్ద సముద్రం బొమ్మ. పృథ్వీరాజ్ లేచి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. స్టీలు గ్లాసుల్లో ఫిల్టర్ కాఫీ తెప్పించాడు.

"రండమ్మా. చరణ్ అక్కగారంటే మా ఇంటి ఆడపడుచే" అని, కాసేపు కాకినాడ కాజా గురించీ ఢిల్లీ కరివేపాకు గురించీ మాట్లాడి, ఆ తరవాత గొంతు తగ్గించాడు.

"చెప్పకూడదు గానీ, మీరు సొంతవాళ్ళు. కుర్రాడు మంచివాడే. ఈమధ్యే దారి తప్పుతున్నాడు. మా క్లయింట్లని విడిగా కలుస్తున్నాడు. ఘాజియాబాద్‌లో ఎవరితోనో మంతనాలు. వేరే కంపెనీ పెట్టుకునే ఆలోచన కాబోలు. మీ డీల్ కూడా అందుకే ఆపి ఉంచాడనుకుంటా. నేనన్నానని వాడితో అనకండమ్మా, పాపం."

ఘాజియాబాద్ మాట వినగానే శ్రీవల్లికి లోపల ఏదో తాళం పడినట్టయింది. తను అనుకున్నదంతా నిజమేనన్నమాట. అయినా చివరికి ఒక మాట అడిగింది.

"డబ్బు నేరుగా బిల్డరుకే పంపాలంటారు కదండీ, బ్యాంకు ద్వారా?"

"భేషుగ్గా పంపుకోవచ్చమ్మా. కాకపోతే నెల పడుతుంది. ఈలోగా ధర మారితే నా చేతిలో ఉండదు. అందరూ ఇక్కడ రూపాయల్లోనే ఇస్తారు, అక్కడికి పంపే బాధ మేం పడతాం. మీ ఇష్టం, నా బలవంతం ఏం లేదు."

బలవంతం లేదన్న ఆ మాటకే భరద్వాజ్ కరిగిపోయాడు. అక్కడికక్కడే కొంత అడ్వాన్సు ఫోన్లోంచి పంపి, మిగతాదానికి సోమవారం తేదీతో చెక్కు రాసిచ్చాడు. ఇద్దరూ కలిసి కూడబెట్టుకున్నదంతా అందులో పోయింది. కిందికి దిగేటప్పుడు లిఫ్టులో శ్రీవల్లి మనసు తేలిక పడింది. తమ్ముడి చేతిలో మోసపోకుండా బయటపడ్డాం అనుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది, మీ బ్రదర్ వచ్చారని. కిందికి వెళ్తే, చరణ్ మెడలో విజిటర్ కార్డు వేలాడేసుకుని సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. సూటు లేదు. చొక్కా వీపంతా చెమటతో తడిసి అంటుకుపోయింది.

"అక్కా, చెక్కు ఆపించు. బ్యాంకుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి."

"ముందు కూర్చో. ఏ చెక్కు?"

"పొద్దున్న ఆఫీసుకెళ్తే నా బల్ల మీద మిఠాయి పెట్టి ఉంది. మీ బావ బుక్ చేశాడు, కంగ్రాట్స్ అన్నాడు మా సారు. అక్కా, అదంతా మోసం. బిల్డింగు నిజమే, కానీ ఇక్కడ కట్టిన డబ్బు అక్కడికి చేరడం లేదు."

"నీకెలా తెలుసు?"

"ఘాజియాబాద్‌లో లింగయ్య గారని ఉన్నారు. ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆయనకి నేనే అమ్మాను, అదే నా మొదటి అమ్మకం. ఏప్రిల్ చివర్లో ఆయనా, ఆవిడా టూర్‌కి వెళ్ళి ఫ్లాటు చూసుకుందామని బటూమి దాకా పోతే, బిల్డరు ఆఫీసులో ఆ పేరే లేదన్నారట. సారుని అడిగితే బ్యాంకు ఆలస్యం అన్నాడు. గట్టిగా అడిగితే, నోరు మూసుకుంటే ముందు వాళ్ళ డబ్బు తిరిగిచ్చేస్తానన్నాడు. అందుకే ఇన్నాళ్ళూ…"

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు" అంది శ్రీవల్లి.

"మీరు కట్టకుండా ఉంటే చాలనుకున్నా. ఏదో ఒక వంక పెట్టి ఆపుతూ వచ్చా."

"ఆ రోజు ఫోన్లో ఆఫీసులో ఉన్నానన్నావు. మెట్రోలో ఉన్నావు."

"లింగయ్య గారి దగ్గరికే వెళ్తున్నా."

"మరి అబద్ధమెందుకు?"

చరణ్ చూపు తప్పించి మెడలోని కార్డు సర్దుకున్నాడు. అలా చూపు తప్పించడం శ్రీవల్లికి బాగా తెలిసినదే. వాడు చెప్పిన కథ ఎక్కడా అతుకు కనపడకుండా ఉంది. ఇంటర్వ్యూ కథ కూడా అలాగే ఉండేది. బోర్డులో ఎవరు కూర్చుంటారో, ఏమడుగుతారో కూడా చెప్పాడు అప్పుడు. క్లయింట్లని విడదీసి పట్టుకుపోతున్నాడని పృథ్వీరాజ్ అన్నదీ ఇదే కాదా? ఇప్పుడు తనతో చెక్కు ఆపించి, రేపు వేరే కంపెనీ పేరుతో ఇదే ఫ్లాటు చూపిస్తాడేమో!

"మీ బావతో మాట్లాడి చెప్తాలే. నాకు మీటింగ్ ఉంది" అంది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్కసారీ…"

రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళు ఇటే చూస్తున్నారు. ఆమెకి సిగ్గేసింది, చిరాకేసింది. "వెళ్ళు చరణ్" అంది.

వాడు కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అద్దాల తలుపు అవతల ఎండలో నిలబడి వెనక్కి చూశాడో లేదో ఆమె గమనించలేదు, అప్పటికే లిఫ్టు ఎక్కేసింది. పైకి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. భరద్వాజ్ పృథ్వీరాజ్‌కి చేశాడు. కాసేపటికి మళ్ళీ ఫోన్ వచ్చింది. "ఆయన నవ్వాడు. ఇలా వస్తాడని తెలుసు, అందుకే మీతో ముందే అన్నాను అన్నాడు. మీవాడు ఇంతకి దిగజారతాడనుకోలేదు శ్రీవల్లీ."

చెక్కు చెల్లిపోయింది.

ఆ వారమంతా పృథ్వీరాజ్ ఫోన్ ఎత్తుతూనే ఉన్నాడు. తరవాత మోగుతూ ఉండేది, ఎత్తేవాడు కాదు. ఆ తరవాత మోగడం కూడా ఆగిపోయింది. భరద్వాజ్ ఆఫీసుకి సెలవు పెట్టి నెహ్రూ ప్లేస్ వెళ్దామన్నాడు, శ్రీవల్లి కూడా వెళ్ళింది. అద్దాల తలుపుకి గొలుసు వేసి ఉంది. లోపల సముద్రం బొమ్మ అలాగే ఉంది. గుమ్మం ముందు నలుగురైదుగురు నిలబడి ఎవరి ఫోన్లు వాళ్ళు చెవులకి ఆనించుకుని ఉన్నారు. వాళ్ళలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన, పక్కన మెట్ల మీద చతికిలబడ్డ ఆయన భార్య తెలుగులో మాట్లాడుకోవడం విని శ్రీవల్లి ఆగిపోయింది.

"మీరు… ఘాజియాబాద్ లింగయ్య గారా?"

"అవు బిడ్డా. నువ్వెవరు?"

ఉన్నాడన్నమాట. అలాంటి మనిషి నిజంగానే ఉన్నాడు. "సాయిచరణ్ అక్కని" అంది శ్రీవల్లి.

పెద్దాయన ముఖం ముడుచుకుంది. "మీ తమ్ముడే గద మాకు గిది అంటగట్టింది. కొడుకు లెక్క ఇంటికొచ్చి చాయ్ తాగి, కాళ్ళు మొక్కి అమ్మిండు."

భార్య మాణిక్యమ్మ మెట్ల మీద నుంచే అడ్డం వచ్చింది. "గట్లెందుకంటవయ్యా? గా పిలగాడు వారం వారం మనింటికి రాలే? నీ బీపీ మందులు తెచ్చియ్యలే? పారిపోయినోడు వేరే. గీ పిలగాడు పారిపోలే."

భర్త ఏమంటాడోనని శ్రీవల్లి పక్కకి చూసింది. భరద్వాజ్ గొలుసు పట్టుకుని లాగి చూస్తున్నాడు, అది ఊడి వస్తుందేమో అన్నట్టు.

పోలీసు ఫిర్యాదు అందరూ కలిసే ఇచ్చారు. ఫిర్యాదులో ఎవరి పేర్లు రాయాలన్న దగ్గర గొడవ మొదలైంది. పృథ్వీరాజ్ పేరు సరే. చరణ్ పేరు కూడా రాయాల్సిందేనన్నారు కొందరు, తమతో మాట్లాడిందీ వీడియోలు చూపించిందీ అతనే కదా అని. అందరికంటే గట్టిగా అన్నది భరద్వాజ్.

"వాడికి అన్నీ తెలుసు. తెలిసి ఉండి ఊరుకున్నాడు. వాణ్ణి లోపల వేస్తేనే ఆ పెద్ద దొంగ ఎక్కడున్నాడో కక్కుతాడు" అన్నాడు ఇంటికి వచ్చాక.

శ్రీవల్లి వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది. "ఆ సోమవారం వాడు మా ఆఫీసుకొచ్చి చెప్పాడు కదండీ" అంది.

"డబ్బు ఇచ్చాక వచ్చి చెప్తే ఎవరిక్కావాలి?"

"చెక్కు అప్పటికింకా చెల్లలేదు."

భరద్వాజ్ టీవీ శబ్దం పెంచాడు.

చరణ్‌ని స్టేషన్‌కి పిలిపించిన రోజు శ్రీవల్లిని కూడా రమ్మన్నారు. భరద్వాజ్ వెంట వచ్చాడు. ఎస్సై నడివయసు మనిషి, హర్యానా యాస. చరణ్‌ని బల్ల అవతల నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాడు. ఆఫీసులో ఉన్నానని చెప్పి ఎక్కడికి వెళ్ళేవాడివి? మోసమని తెలిస్తే ఉద్యోగం ఎందుకు మానలేదు? ఇంతకు ముందు కూడా ఇంట్లోవాళ్ళకి అబద్ధాలు చెప్పావట కదా?

ఆ చివరి మాట ఎస్సైకి ఎవరు చెప్పి ఉంటారో శ్రీవల్లికి వేరే తెలియనక్కర్లేదు. భర్త వైపు చూడలేదు. ఆ ప్రశ్నలన్నీ తను పైకో లోపలో అడిగినవే. అదే వరస, అదే గొంతు. బల్ల అవతల తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. అడిగినవాటికి ఒక్కో ముక్కలో సమాధానం చెప్తున్నాడు. చెప్పిన ప్రతిసారీ అది ఎదుటివాడు నమ్మడని వాడికి ముందే తెలిసినట్టుంది.

"మేడమ్, మీరు చెప్పండి. ఇతను మీకు ఫ్లాటు అమ్మాడా?" అన్నాడు ఎస్సై హిందీలో.

"మొదట అమ్మాలనే చూశాడు. తరవాత ఆపాలని చూశాడు. బ్యాంకు ద్వారా తప్ప డబ్బు పంపొద్దన్నాడు. ఏవేవో సాకులు చెప్పి ఆలస్యం చేశాడు."

"సాకులని మీరే అంటున్నారు."

"అప్పుడు నాకలా అనిపించింది. డబ్బు పృథ్వీరాజ్‌కే నేరుగా ఇద్దామని అన్నది నేను. ఇతన్ని పక్కన పెట్టమన్నది నేను. చెక్కు ఆపమని ఇతను మా ఆఫీసుకొచ్చి బతిమాలాడు. బ్యాంకుకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యనిది కూడా నేనే. మా రిసెప్షన్‌లో ఇతను వచ్చిన సమయం నమోదై ఉంటుంది, కెమెరా కూడా ఉంది. ఇదంతా రాసుకోండి."

"ఎందుకు చెయ్యలేదు?"

"తమ్ముణ్ణి నమ్మలేదు. బయటివాణ్ణి నమ్మాను."

భరద్వాజ్ కుర్చీ చప్పుడు చేస్తూ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎస్సై కాసేపు ఆమెనే చూసి, కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. చరణ్ తలెత్తకుండానే ఆ కాగితం మీద పడుతున్న అక్షరాలనే చూశాడు.

వాడి పేరు నిందితుల్లోంచి తీసి సాక్షుల్లో చేర్చడానికి వర్షాకాలం మొదలయ్యేదాకా పట్టింది. లింగయ్య కూడా వచ్చి చెప్పాడు, "పిలగాడు తప్పు జేసిండు సార్, గని మా ఎంబడే ఉన్నడు" అని. చరణ్ చెప్పిన ఆనవాళ్ళ మీదే పృథ్వీరాజ్‌ని పుణేలో ఒక బంధువు ఇంట్లో పట్టుకున్నారు. అతని ఖాతాల్లో మిగిలినదాన్ని ఆపి ఉంచారు. కోర్టు ద్వారా అందులో కొంత వస్తుందని లాయరు అంటున్నాడు. ఎప్పుడో చెప్పడం లేదు. భరద్వాజ్ ఇంట్లో బావమరిది పేరెత్తడం మానేశాడు. అన్నం తినేటప్పుడు శ్రీవల్లితో మాట్లాడతాడు, అవసరమైనంత.

వాడి పేరు తీసేసిన రోజు అక్కాతమ్ముళ్ళు ఇద్దరే స్టేషన్‌లోంచి బయటికి వచ్చారు. అప్పుడే వాన వెలిసింది. రోడ్డంతా బురద నీళ్ళు. ఆటో కోసం చెట్టు కింద నిలబడ్డారు.

"ఆ రోజు మోహన్‌నగర్‌లో ఉన్నానని చెప్తే, ఎందుకెళ్ళావని అడుగుతావు. అడిగితే మొత్తం చెప్పాలి. చెప్తే, ఈ ఉద్యోగం కూడా ఇంతేనా అంటావని భయమేసిందక్కా" అన్నాడు చరణ్, ఎవరో అడిగినట్టు.

"అనేదాన్నే" అంది శ్రీవల్లి.

ఆటో వచ్చి ఆగింది.

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"బేర్ సరాయ్‌లోనే. కోచింగ్ సెంటర్లో పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నా. జీతం తక్కువే గానీ, పర్లేదు."

ఏ సెంటర్, ఎవరు ఇప్పించారు, జీతం చేతికిస్తున్నారా, నిజమేనా? ప్రశ్నలన్నీ వరసగా ఆమె నోటిదాకా వచ్చాయి. అలవాటు అంత తొందరగా పోదు. ఆమె పెదవి కరుచుకుని ఆటోవాడితో, "భయ్యా, బేర్ సరాయ్" అంది.

"నువ్వెందుకక్కా? నీకు గురుగ్రామ్ అటు కదా?"

"ఆకలేస్తోంది. మీ మెస్‌లో అన్నం పెట్టించు" అని, చీర కుచ్చిళ్ళు బురద తగలకుండా పట్టుకుని ఆటో ఎక్కి, పక్కకి జరిగి వాడికి చోటిచ్చింది.